నది పక్క కుంటల పునరుద్ధరణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నగరాల్లో నది ఒడ్డున మిగిలిన పాత కుంటల గురించే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా కాలనీ వెనక నదికి ఆనుకుని రెండున్నర ఎకరాల పాత కుంట ఉంది. పూడిక తీసి అంతటా ఐదు మీటర్ల లోతు చేస్తామని, చుట్టూ నిలువుగా రాతిగోడ కడతామని అంటున్నారు. ఎంత లోతుంటే అంత మంచిదే కదా?

జవాబు: నీళ్ళు నిల్వ చేయడం ఒక్కటే ఉద్దేశమైతే ఆ లెక్క సరిపోతుంది. కప్పలు, తూనీగలు, పక్షులు, చేపలు ఉండాలనుకుంటే సరిపోదు. కుంటలో జీవం ఎక్కువగా మోకాలి లోతు లోపలే ఉంటుంది. ఎండ అడుగుదాకా దిగే చోటే నీటి మొక్కలు మొలుస్తాయి. ఆ కాడ పట్టుకునే తూనీగ పిల్ల నీళ్ళలోంచి పైకి పాకి, వీపు పగలదీసుకుని, రెక్కలు ఆరబెట్టుకుంటుంది. కప్ప గుడ్ల జిగురు ముద్దలు నిలిచేది కూడా ఆ కాడల మధ్యే. నిలువు గోడ కట్టగానే ఇవన్నీ పోతాయి. పొరపాటున జారిపడిన పిల్లాడికైనా, బాతు పిల్లకైనా పైకెక్కే దారి ఉండదు.

విస్తీర్ణంలో సగానికి పైగా మీటరు లోపు లోతు ఉంచమనండి. వేసవిలో చేపలు తలదాచుకోవడానికి ఐదో వంతు జాగాలో మాత్రం రెండు, రెండున్నర మీటర్ల మడుగు చాలు. గట్టు వాలు పదికి ఒకటి ఉండాలి. అంటే అర మీటరు లోతు రావడానికి అంచు నుంచి ఐదు మీటర్లు లోపలికి నడవాలి. జాగా లేని చోట ఐదుకు ఒకటి దాకా తగ్గించవచ్చు, అంతకు మించి వద్దు. అడుగును నున్నగా సర్దడం పొక్లెయిన్ డ్రైవర్లకు అలవాటు. గుంటలూ మిట్టలూ అలాగే వదలమని ముందే చెప్పాలి, అంచును కూడా వంకరగా ఉంచమనాలి.

నది పక్క కుంటకు మరో ప్రమాదం ఉంది. ఇలాంటి చోట పైన బురద, దాని కింద బంకమట్టి, ఆ కింద నది ఇసుక ఉండడం మామూలు. కుంటలో నీళ్ళు నిలిచేది ఆ బంకమట్టి వల్లే. తవ్వకం దాన్ని దాటి ఇసుకలోకి దిగితే కుంట నీళ్ళు వేసవిలో నది మట్టానికి జారిపోతాయి. కొత్తగా పూడిక తీసిన కుంట మొదటి ఎండాకాలంలోనే ఎండిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కాబట్టి యంత్రం దిగక ముందే చేతి ఆగర్‌తో కనీసం ఆరు చోట్ల రంధ్రాలు వేయించి, బంకమట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకోండి. ఇసుక పొరకు అర మీటరు పైనే తవ్వకం ఆపాలి. కుంటలో ఒకటి, నదిలో ఒకటి కొలబద్దలు పాతి వారానికోసారి మట్టం రాసుకుంటే, వీలైతే ఏడాది పాటు, కుంట నదిమీద ఎంత ఆధారపడి ఉందో తేలుతుంది. నది పెరిగిన రెండు మూడు రోజులకు, వాన లేకుండానే కుంట కూడా పెరుగుతుంటే రెంటికీ నేల లోపల సంబంధం ఉన్నట్టే.

పొర ఇప్పటికే తెగిందా? అక్కడ బంకమట్టిని 15 సెంటీమీటర్ల చొప్పున రెండు వరుసలు తడిపి తొక్కించి మూయాలి. ఒకేసారి 30 సెంటీమీటర్లు పోసి రోలర్ తిప్పితే కింది సగం వదులుగానే ఉండిపోతుంది.

ప్రశ్న: పూడిక తీసి నాలుగేళ్ళయింది. మళ్ళీ నీళ్ళు ఆకుపచ్చ రంగు కలిపినట్టున్నాయి. ఫౌంటెన్లు పెట్టారు, ఏదో పొడి చల్లారు. లాభం లేదు. ఎందుకిలా?

జవాబు: నీళ్ళను పచ్చగా చేసేది సూక్ష్మ నాచు. దానికి మేత భాస్వరం. లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారు కుంట, సగటు లోతు ఒకటిన్నర మీటరు అనుకుంటే 15,000 ఘనపు మీటర్ల నీళ్ళు. నీళ్ళు తేటగా నిలవాలంటే భాస్వరం లీటరుకు 0.05 మిల్లీగ్రాముకు మించకుండా చూసుకోవడం మంచిది. అంటే కుంట మొత్తం మీద 750 గ్రాములు. ఒక మనిషి మురుగులో రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల భాస్వరం ఉంటుంది. వంద మంది మురుగు ఐదు రోజులు కలిస్తే ఆ 750 గ్రాములూ వచ్చేసినట్టే. వానకాలువలో దొంగతనంగా కలిపిన ఒక్క అపార్ట్‌మెంట్ పైపు చాలు, మీ నాలుగేళ్ళ పనిని నీళ్ళపాలు చేయడానికి.

అందుకే పూడికకంటే ముందు మురుగు ఆపాలి. వానలు లేని రోజుల్లో తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది దాకా కుంటలోకి వచ్చే ప్రతి తూమునూ చూడండి. వాన లేకపోయినా ఆ వేళకు నీరు పారుతోందంటే అది చాలావరకు ఇళ్ళ నీరే. అక్కడినుంచి మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ తెరుచుకుంటూ పైకి వెళ్తే కలిపిన చోటు దొరుకుతుంది.

మిగిలిన వాననీరు కూడా నేరుగా కుంటలోకి రాకూడదు. తూము దగ్గర కుంట విస్తీర్ణంలో పదో వంతు జాగాలో, మీటరు నుంచి మీటరున్నర లోతుతో ఒక చిన్న తొట్టికుంట తవ్వి, మధ్యలో రాళ్ళ అడ్డుకట్ట వేయాలి. రోడ్ల మీది మట్టి, చెత్త అందులోనే దిగుతాయి. దాని అడుగు గట్టిగా ఉండాలి, యంత్రం దిగే దారి ఉండాలి, సగం నిండగానే ఖాళీ చేయాలి. ఆ దారి వదలకుండా చుట్టూ పచ్చిక వేసి బెంచీలు వేస్తారు. రెండేళ్ళకు తొట్టి నిండి, అక్కడినుంచి బురద అసలు కుంటలోకి పొర్లుతుంది.

మురుగు ఆపినా కొన్నేళ్ళు పచ్చదనం పోకపోవచ్చు. అడుగున పేరుకున్న బురద ప్రాణవాయువు అందనప్పుడల్లా తనలోని భాస్వరాన్ని పైకి వదులుతూ ఉంటుంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సులో జరిగింది ఇదే. 1950లలోనే మురుగు మళ్ళించారు, అయినా సరస్సు కోలుకోలేదు. 1970, 1971లలో పై పొర బురద తోడేశాకే నీళ్ళు తేరాయి. పూడికతీత పనికొస్తుంది, కానీ మురుగు ఆగిన తర్వాతే. తీసిన బురదను పొలాలకో తోటలకో ఇచ్చే ముందు సీసం, కాడ్మియం, క్రోమియం పరీక్ష చేయించాలి. నగరపు బురదను చూసి నమ్మకూడదు.

ఇక చేపలు. అడుగు తవ్వుకుతినే కామన్ కార్ప్, తిలాపియా ఎక్కువైతే బురద రేగుతూనే ఉంటుంది, మొక్కల వేళ్ళు ఊడిపోతాయి. నీళ్ళు బాగా తగ్గిన వేళ వలలతో వీలైనన్ని తీసేస్తే, నాచును తినే డాఫ్నియా అనే అతి చిన్న నీటి జీవులు పెరిగి కొన్ని వారాల్లోనే తేడా కనిపించవచ్చు.

ఫౌంటెన్ వల్ల భాస్వరం ఒక్క గ్రాము కూడా బయటికి పోదు. పొడులూ అంతే. కుంటలోంచి బురదో మొక్కలో చేపలో బయటికి తీస్తేనే భాస్వరం తగ్గుతుంది.

కొలవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్ళేనికి నాలుగు భాగాలుగా నలుపు తెలుపు రంగులేసి, కింద బరువు కట్టి, తాడుతో దింపండి. కనబడకుండా పోయిన లోతే మీ నీటి తేటదనం. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి 1865లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మీటరు దాకా పళ్ళెం కనిపిస్తే ఆ కుంటలో నీటి మొక్కలు తమంతట తామే నిలదొక్కుకుంటాయి. ప్రాణవాయువు మాత్రం దాన్ని కొలిచే పరికరంతో, సూర్యోదయానికి ముందే కొలవాలి. 30 డిగ్రీల నీటిలో మామూలుగా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల దాకా ఉండగలదు. పచ్చటి నీళ్ళు మధ్యాహ్నం అంతకు మించి చూపించి, తెల్లారేసరికి రెండుకు పడిపోతాయి. చేపలు గుంపుగా చచ్చి తేలేది అప్పుడే. మధ్యాహ్నం కొలిచి అంతా బాగుందని రాసిన నివేదికకు విలువ లేదు.

పచ్చటి తెట్టు పెయింటులా ఒక మూలకు చేరి గడ్డి కుళ్ళిన వాసన వేస్తుంటే పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి. అది నీలి-ఆకుపచ్చ నాచు కావచ్చు, కాలేయానికి విషం.

ప్రశ్న: కుంట నిండా గుర్రపుడెక్క. మందు కొట్టించి ఒక్కసారే చంపేస్తే?

జవాబు: వద్దు. చచ్చిన డెక్కంతా అక్కడే మునిగి కుళ్ళుతుంది. నీటిలోని ప్రాణవాయువు పోతుంది, మొక్క పీల్చుకున్న భాస్వరమంతా మళ్ళీ నీళ్ళలోకే చేరుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క వెచ్చటి మురుగునీటిలో రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు. కాబట్టి సగం తీసి ఆపిన పని చేయనట్టే లెక్క.

ముందు తేలే తాడుతో కుంటను మూడు నాలుగు భాగాలుగా అడ్డుకట్టండి. గాలి డెక్కను ఏ ఒడ్డుకు తోస్తుందో చూసి, యంత్రాన్ని ఆ ఒడ్డున పెట్టండి. ఒక భాగం పూర్తిగా శుభ్రమయ్యాకే రెండోదాని తాడు తెరవాలి. తీసిన డెక్కను ఒక రోజు అంచునే ఉంచితే అందులోని నత్తలు, పురుగులు, చేపపిల్లలు కొన్నైనా నీళ్ళలోకి తిరిగి పాకుతాయి. మర్నాడే దూరంగా తరలించాలి. గట్టు మీద వదిలిన కుప్ప నుంచి ఊటంతా తిరిగి కుంటలోకే దిగుతుంది. మొక్క బరువులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి, దూరాన రెండు మూడు రోజులు ఆరబెట్టి లారీకెత్తితే రవాణా ఖర్చు చాలా తగ్గుతుంది.

పని మొదలుపెట్టే ముందు డెక్క మీద నీటికోళ్ళ గూళ్ళు ఉన్నాయేమో తెడ్డు పడవలో తిరిగి చూడండి. గుడ్లుంటే ఆ ముక్కను తాడుతో కట్టి పిల్లలు దిగేదాకా వదిలేయండి. తర్వాత మొదటి ఏడాదంతా వారానికోసారి చేత్తో ఏరివేత తప్పదు. విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి, వెలుతురు తగలగానే మొలుస్తాయి.

ప్రశ్న: వరదల్లో నది నీళ్ళు కుంటలోకి వస్తున్నాయి. కట్ట ఎత్తు పెంచి ఆపేయాలా?

జవాబు: ఆపొద్దు. నది పక్క కుంటకు ఆ వరదే ప్రాణం. చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చేది, పాత నీరు మారేది అప్పుడే. వరద ఎటునుంచి రావాలో మాత్రం మీరు నిర్ణయించాలి. పైనుంచి, అంటే నది వచ్చే వైపు నుంచి తెరిస్తే నీరు ఉరవడిగా దూరి ఒండ్రునంతా కుంటలో దించి, మొక్కల్ని పెకలించుకుపోతుంది. దిగువ చివర తెరిస్తే నీరు వెనక్కి ఎక్కుతూ నెమ్మదిగా నిండుతుంది. ఆ చివర వెడల్పుగా, తక్కువ ఎత్తులో రాళ్ళు పేర్చిన అలుగు పెట్టండి. ఏటా వచ్చే మామూలు వరదకు మునిగేంత ఎత్తు చాలు. అలుగు నుంచి నదిదాకా కాలువ ఒకే వాలుగా ఉండాలి. మధ్యలో గుంటలుంటే నది తగ్గేటప్పుడు చేపలు వాటిలో చిక్కి చస్తాయి.

నదిలో మామూలు రోజుల్లో మురుగు పారుతుంటే మాత్రం తక్కువ మట్టంలో నీరు లోపలికి రాకుండా, కుంట నీరు నదిలోకి పోయే పైపుకు ఒకవైపే తెరుచుకునే మూత పెట్టాలి. దాన్ని వరదకు ముందు, తర్వాత చూడకపోతే ఒక చిన్న పుల్ల అడ్డుపడి తెరిచే ఉండిపోతుంది.

తవ్విన మట్టిని నదికీ కుంటకూ మధ్య కట్టలా పోయకండి. వరద నిలవాల్సిన జాగా తగ్గిపోయి, ఆ నీరు ఇంకొకరి ఇంట్లోకి ఎక్కుతుంది.

ప్రశ్న: పక్షుల కోసం ఏం నాటాలి? ద్వీపం కట్టాలా?

జవాబు: మీ నదిలోనే ఐదారు కిలోమీటర్ల లోపల పెరిగే మొక్కలు తెచ్చుకోండి. నర్సరీ అలంకరణ మొక్కల వేళ్ళలో కొత్త కలుపు దాగి వస్తుంది. తడి అంచున తుంగ, మోకాలి లోతులో జమ్ము, నడుము లోతులో కలువ, మునిగి పెరిగేవాటిలో వాలిస్నేరియా. చదరపు మీటరుకు నాలుగు నుంచి ఆరు. వేసవి చివర మట్టం తక్కువగా ఉన్నప్పుడు నాటితే వేళ్ళు పడతాయి. నాటిన వెంటనే నీరు పెంచి ఆకులు ముంచేయకండి, జమ్ము పిలకలు ఊపిరాడక చస్తాయి. మొదటి ఆర్నెల్లు చుట్టూ వల కంచె ఉండాలి, లేకపోతే పశువులూ చేపలూ మిగల్చవు.

జమ్ము నాటేటప్పుడే దాని హద్దు కూడా తవ్వండి. మీటరు లోతు దాకా అది ఆక్రమించుకుంటూ పోతుంది. చుట్టూ మీటరున్నర లోతు, రెండు మీటర్ల వెడల్పు కందకం ఉంటే అక్కడ ఆగుతుంది.

ద్వీపం ఒడ్డుకు కనీసం పదిహేను మీటర్ల దూరంలో, మధ్యలో వేసవిలోనూ మీటరు నీళ్ళు ఉండేలా కట్టండి. లేకపోతే కుక్కలు, పిల్లులు నడిచి వెళ్తాయి. ఎత్తు మామూలు వరద మట్టానికి మూరెడు పైన చాలు. గులకరాళ్ళు పరిచి బోడిగా ఉంచితే నేల మీద గుడ్లు పెట్టే పక్షులు దిగుతాయి. చెట్లు వేస్తే కొంగలు, నీటికాకులు స్థిరపడతాయి, వాటి రెట్టలో భాస్వరం ఎక్కువ. చిన్న కుంటకైతే బోడి ద్వీపమే మేలు.

గట్టంతా వాలుగా ఉండాలన్నాం. ఒక్కచోట మాత్రం, దారికి దూరంగా, రెండు మీటర్ల ఎత్తు ఇసుకమట్టి గట్టును నిలువుగా వదలండి. లకుముకిపిట్ట బొరియ తవ్వుకునేది అలాంటి గోడలోనే.

ప్రశ్న: జనానికి వాకింగ్ ట్రాక్, లైట్లు, బోటింగ్ కావాలంటున్నారు. పక్షులూ ఉండాలి. రెండూ కుదురుతాయా?

జవాబు: కుంట చుట్టూ పూర్తిగా దారి వేయకపోతే కుదురుతాయి. మా గట్టి అభిప్రాయం ఇది: చుట్టుకొలతలో సగం జనానిది, సగం అసలెవరూ వెళ్ళనిది. మనుషులు నాలుగు వైపులా తిరిగితే నడిమధ్య కూడా పక్షికి నెమ్మది ఉండదు. లండన్‌లో థేమ్స్ పక్కన వాడకం మానేసిన నాలుగు కాంక్రీటు జలాశయాలను చిత్తడి నేలగా మార్చి, 2000 సంవత్సరంలో తెరిచిన వెట్‌ల్యాండ్ సెంటర్‌లో, సుమారు 40 హెక్టార్ల జాగాలో, జనం పక్షుల్ని చూసేది ఎక్కువగా చాటు గదుల కిటికీల్లోంచే.

దారి నీటికి పది పదిహేను మీటర్ల దూరంలో పోతూ, మూడు నాలుగు చోట్ల మాత్రమే నీటిదాకా రావాలి. అక్కడ 1.8 మీటర్ల వెడల్పు చెక్కవంతెన వేస్తే రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటగలవు. దిగే వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. మిగతా అంచు పొడవునా మూడు మీటర్ల మేర ఒక అడుగు లోతు మించని మెట్టు, దాని మీద ఒత్తుగా తుంగ ఉంటే జారిపడినవాళ్ళు లోతుకు పోరు.

లైట్లు నడుము ఎత్తులో, కిందికి మాత్రమే పడేలా, 2700 కెల్విన్‌కు మించని పసుపు రంగులో ఉండాలి. నీటి మీద పడకూడదు. దారి పక్కన మెరిసే నల్ల గ్రానైట్ మాత్రం వద్దు. దాన్నుంచి తిరిగొచ్చే వెలుతురు తూనీగలకు నీటిలా కనిపిస్తుంది, గుడ్లు ఆ రాయి మీద పెట్టిపోతాయి. ఎండకు అవి ఒక్కటీ మిగలవు.

పడవలు తెడ్డువి మాత్రమే, తాడు కట్టిన ఒక మూల, మీటరున్నర లోతున్న చోట. గూళ్ళు కట్టే నెలల్లో అవీ ఆపాలి.

ప్రశ్న: కుంట బాగుచేస్తే దోమలు పెరుగుతాయని చుట్టుపక్కలవాళ్ళు అడ్డుపడుతున్నారు.

జవాబు: వాళ్ళ భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. దోమ పిల్లలు గాలికి అలలాడే తెరపి నీటిలో నిలవవు. నీరు తగ్గేటప్పుడు అంచున విడిపోయిన గుంటల్లో, పశువుల గిట్టల గుర్తుల్లో, డెక్క వేళ్ళ మధ్య పెరుగుతాయి. వెచ్చటి నీటిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి అంచంతా నడిచి, విడిపోయిన గుంటను పారతో కుంటకు కలపండి. 350 మిల్లీలీటర్ల తెల్ల గరిటెతో పది చోట్ల ముంచి చూసి, దోమ పిల్లల లెక్క రాసి, ఆ కాగితం కాలనీ బోర్డు మీద అంటించండి. మాటల కంటే అది నమ్మకం కలిగిస్తుంది.

గంబూసియా చేపలు వదలకండి. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఆ చేప కప్పపిల్లల్ని, స్థానిక చేపల గుడ్లను తినేస్తుంది. మీ నదిలోని చిన్న చేపలు, తూనీగ పిల్లలు ఆ పని బాగానే చేస్తాయి.

ప్రశ్న: వేసవి చివర బాతులు మెడ వాల్చేసి, ఎగరలేక చనిపోతున్నాయి. విషం పెట్టారా?

జవాబు: ఎవరూ పెట్టకపోవచ్చు. మట్టం తగ్గి, వేడెక్కి, బురద కుళ్ళిన కుంటల్లో బాక్టీరియా విషం వల్ల వచ్చే బొటులిజం అనే జబ్బు ఇలాగే కనబడుతుంది. ముందు కాళ్ళు, రెక్కలు చచ్చుబడతాయి, తర్వాత మెడ నిలవక పక్షి నీళ్ళలోనే మునిగిపోతుంది. చచ్చిన పక్షిలో పెరిగిన పురుగుల్లో ఆ విషం పేరుకుంటుంది. వాటిని తిన్న బాతు చస్తుంది, అందులో మళ్ళీ పురుగులు. ఆ గొలుసు తెంచాలంటే రోజుకు రెండుసార్లు కళేబరాలు ఏరాలి. చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, ఒకదానిలో ఒకటిగా రెండు సంచుల్లో కట్టి, నీటికి దూరంగా లోతుగా పూడ్చాలి. బర్డ్ ఫ్లూ కాదని తేల్చుకోవడానికి తాజా కళేబరాన్ని పశువైద్యశాఖకు పంపించండి. వీలుంటే మంచినీళ్ళు వదిలి మట్టం పెంచండి. మట్టం ఇంకా తగ్గించే పని, పూడికతీత కూడా, ఆ రోజుల్లో పెట్టుకోకండి. బతికున్న పక్షిని నీడలో ఉంచి, తల ఎత్తిపట్టి మంచినీళ్ళు చుక్కలుగా పోస్తే, ఇంకా తల నిలపగలిగిన వాటిలో కొన్ని రెండు మూడు రోజుల్లో లేచి నిలబడతాయి.